మంచం కింద నుంచి లాగకండి: బెదురు కుక్కల గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం భయం గురించే. టపాసుల భయం, కొత్తవాళ్ల భయం, ఒంటరిగా ఉండాలంటే భయం. ఊళ్లు వేరు, కుక్కలు వేరు, కానీ ఇంట్లోవాళ్లు చేస్తున్న పని మాత్రం దాదాపు ఒకటే. కుక్క దేన్ని చూసి పారిపోతోందో సరిగ్గా దాని ముందుకే తీసుకెళ్లి నిలబెట్టడం. అందుకని ఈ పేజీలో ఒకే మాట నాలుగైదుసార్లు కనిపిస్తుంది, విసుక్కోకండి.

మేడమ్, మా వీధిలో ఉండే ఆడ కుక్కపిల్లకి యాక్సిడెంట్ అయితే వైద్యం చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. ఏడెనిమిది నెలలు ఉంటాయి. కాలు నయమైంది. మూడు వారాలైనా మంచం కింద నుంచి బయటికి రాదు, మేం నిద్రపోయాకే తింటుంది. పిల్లలు ముద్దుగా బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంటే వణికిపోయి ఒంటేలు పోసేస్తోంది. ఇంత ప్రేమగా చూస్తున్నా ఎందుకిలా? మళ్లీ వీధిలో వదిలేయమంటున్నారు మా అత్తయ్య.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఒక్క పని ఇవాళే ఆపేయండి, ఆ లాగడం. పిల్లలది ప్రేమే, అనుమానం లేదు. కానీ దానికి అర్థమవుతున్నది వేరు: దాక్కున్నా వదలరు, ఈ ఇంట్లో నాకంటూ ఒక మూల కూడా లేదు. వణుకూ ఒంటేలూ మొండితనం కాదు, అంత భయంలో ఒళ్లు దాని అదుపులో ఉండదు.

కుక్కపిల్లలకి చుట్టూ ఉన్న లోకాన్ని మామూలే అని ఒప్పుకునే వయసు ఒకటుంటుంది. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి, గమనించి, 1965లో వివరంగా రాశారు. ఆ వయసు సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా అన్నమాట. ఆ వయసులో మంచిగా పరిచయమైనవి పెద్దయ్యాక అంతగా భయపెట్టవు. మీ పిల్ల ఆ వారాలన్నీ వీధిలో గడిపింది. ఆటోలు, ఆవులు, పొద్దున్నే వచ్చే చెత్తబండి పాట, ఇవన్నీ దానికి చుట్టాలే. మిక్సీ, కుక్కర్ విజిల్, నెత్తి మీద తిరిగే ఫ్యాను, జారిపోయే టైల్స్, ఎటూ పారిపోవడానికి లేని నాలుగు గోడలు, ఇవే కొత్త. దానికి తోడు యాక్సిడెంటు, సూదులు, కట్లు. వయసు దాటిపోయింది కాబట్టి ఇక నేర్చుకోదని కాదు, నిదానంగా నేర్చుకుంటుంది అంతే.

ఇక ఏం చేయాలంటే, ఆ మంచం కిందని దాని ఇల్లుగా ఒప్పేసుకోండి. పాత దుప్పటి పరవండి, నీళ్లు దగ్గర్లో పెట్టండి, అటువైపు చీపురు కూడా పెట్టొద్దు. అది మంచం కింద ఉన్నంతసేపు ఎవరూ వంగి చూడకూడదు, చెయ్యి పెట్టకూడదు అని పిల్లలకి గట్టిగా చెప్పండి. రోజుకి రెండు మూడుసార్లు మీరు వెళ్లి కాస్త దూరంగా, పక్కకి తిరిగి నేల మీద కూర్చోండి. కళ్లల్లోకి చూడొద్దు, పిలవొద్దు, ఫోన్ చూసుకుంటూ ఉండండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ని గోరంత ముక్కలు చేసి పెట్టుకుని అప్పుడప్పుడు ఒకటి విసరండి. ఎక్కడికి అన్నదే ఇక్కడ ముఖ్యం. మీ వైపుకి కాదు, దాని వెనక్కి.

చాలామంది ముక్క చేతిలో పట్టుకుని రా రా అని ఆశపెడతారు. ఆకలేసిన కుక్క మెడ సాచి, వెనక కాళ్లు అక్కడే ఉంచి, ముక్క లాక్కుని పారిపోతుంది. తీరా అంత దగ్గరికి వచ్చాక చూస్తే ఎదురుగా మనిషి ఉంటాడు, గుండె ఇంకా జారిపోతుంది. ముక్క వెనక్కి పడితే, దూరం జరిగినా తిండి దొరుకుతుందని తెలుస్తుంది. అది తిని, ఇంకోటి వేస్తారేమోనని తనంతట తను ఒక అడుగు ముందుకు వస్తుంది. ఆ అడుగు దాని సొంతం. మీరు వేయించింది కాదు కాబట్టి నిలబడుతుంది.

తాకడం కూడా ఇలాగే. అది వచ్చి మీ చేతిని వాసన చూసిన మొదటి రోజునే తల నిమరకండి. ఇంకొన్నాళ్లు పోయాక, దగ్గర నిలబడి ఉంటే, గడ్డం కిందో ఛాతీ మీదో రెండు మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా దగ్గరికి జరిగితే మళ్లీ నిమరండి. ముఖం తిప్పుకున్నా, మూతి నాకుకున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసినా ఇక చాలు అంటోంది అని అర్థం. ఆ మాట మీరు విన్నారని దానికి తెలిస్తే తర్వాత గుర్రుమనాల్సిన అవసరం రాదు.

కాస్త తేరుకున్నాక ముక్కుతో వెతికే ఆట మొదలుపెట్టండి. పాత చీరనో టవల్‌నో నలిపి నేల మీద పడేసి మడతల్లో మేత గింజలు చల్లడమే, ఇంకేం అక్కర్లేదు. షార్లట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకులు 2019లో ఒక ప్రయోగం రాశారు. రెండు వారాలు ముక్కుతో వెతికే ఆట ఆడిన పెంపుడు కుక్కలు, తిండి ఉందో లేదో తెలియని గిన్నె దగ్గరికి మునుపటికంటే తొందరగా వెళ్లాయట, ఏదో ఉండే ఉంటుందిలే అన్న ధీమాతో. యజమాని పక్కన నడవడం నేర్చుకున్న కుక్కల్లో ఆ మార్పు లేదు. బెరుకు కుక్కకి సిట్, షేక్‌హ్యాండ్‌ల కంటే ముందు ఈ ఆట ఎందుకు పెడతామంటే ఇందుకే. ఇందులో తప్పు చేయడం అంటూ ఉండదు, పైగా ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

ఒక జాగ్రత్త. వీధిలో పెరిగిన కుక్క భయపడితే ఇంట్లోకి కాదు, గేటు బయటికి పరిగెడుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడ బెల్టు ఒక్కటే నమ్ముకోకండి, వెనక్కి లాగితే తల జారిపోతుంది. ఒంటికి సరిగ్గా పట్టే హార్నెస్ వేసి, దానికీ మెడ బెల్టుకీ రెండింటికీ తాడు కట్టండి. బెల్టు మీద ఫోన్ నంబరు ఉండాలి. రేబిస్ టీకా వేయించారనే అనుకుంటున్నాను, లేకపోతే ఈ వారమే.

అత్తయ్యగారికి చెప్పండి, మూడు వారాలు ఏ నిర్ణయానికీ సరిపోవు. కొత్త ఇంటికి వచ్చిన కుక్క కుదురుకోవడానికి మూడు నెలలని కుక్కలతో పనిచేసేవాళ్లు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు, భయస్తురాలికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మీరు లేచి ఉండగా తినడం, కాళ్లు చాపి పక్కకి ఒరిగి నిద్రపోవడం, లేవగానే ఒళ్లు విరుచుకోవడం, వీటిలో ఏది కనిపించినా పని జరుగుతున్నట్టే.

మా మూడేళ్ల ల్యాబ్‌కి నిమజ్జనం డీజే, దీపావళి టపాసులు అంటే ప్రాణం పోతుంది. పోయినేడు బాత్రూమ్‌లో దూరి తెల్లారేదాకా వణికాడు, తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకున్నాడు. రోజూ గంటసేపు టపాసుల శబ్దం పెద్ద స్పీకర్‌లో పెడితే అలవాటైపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని ఇంకొకరు అన్నారు. నిద్రమాత్ర వేయొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

స్పీకర్ సంగతి ముందు. ఈత రానివాణ్ణి బావిలోకి తోస్తే ఒకడు ఈదుతాడు, ఇంకొకడు జన్మలో నీళ్ల దగ్గరికి రాడు. మీవాడు రెండో రకమని గోళ్లే చెబుతున్నాయి. పెద్ద శబ్దంలో గంటసేపు ఉంచితే చివరికి కదలకుండా పడుకోవచ్చు, మీ ఫ్రెండ్ దాన్నే అలవాటు అంటాడు. 1967లో అమెరికాలో సెలిగ్‌మన్, మేయర్ చేసిన ప్రయోగం ఒకటుంది, చదివితే మనసు పాడవుతుంది. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్ని తర్వాత, చిన్న అడ్డు దూకితే చాలు షాక్ తగలని పెట్టెలో వదిలారు. చాలా కుక్కలు లేవనే లేదు, మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. దారి లేదని ఒకసారి నమ్మిన కుక్కకి ఎదురుగా దారి తెరిచినా కనిపించదు. కదలకుండా పడుకున్న ప్రతి కుక్కా నెమ్మదించిన కుక్క కాదు.

పని చేసే పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. నిజానికి అది మొదట మనుషుల మీదే చేసి చూసింది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు, కుందేలంటే హడలిపోయే ఒక పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలు పంజరాన్ని గదిలో దూరంగా ఉంచి, వాడు ఇబ్బంది పడనంత మేరకే రోజురోజుకీ దగ్గరికి జరిపింది. కొన్నాళ్లకి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. మీ పని కూడా ఇదే, కుందేలు బదులు శబ్దం, జరపడానికి దూరం బదులు వాల్యూమ్.

ఫోన్‌లో టపాసుల రికార్డింగ్ పెట్టండి, వాల్యూమ్ మీకే సరిగ్గా వినపడనంత తక్కువగా. వాడి చెవి మనకంటే చాలా చురుకు, మనం 20,000 హెర్ట్జ్ దాటితే వినలేం, కుక్కలు దాదాపు 45,000 దాకా వింటాయి. వాడు చెవి ఒకసారి కదిపి మళ్లీ తన పనిలో పడితే ఆ వాల్యూమ్ సరైనది. తల ఎత్తి బిగుసుకుపోయినా, లేచి వెళ్లిపోయినా, మామూలుగా ఎగబడి తినే ముక్క వద్దన్నా ఎక్కువైందని అర్థం, తగ్గించండి. ఐదు నిమిషాలు చాలు. గది తలుపు తెరిచే ఉంచండి, వెళ్లిపోవాలనుకుంటే వెళ్లనివ్వండి.

ఇందులో అందరూ పొరపడేది వరసలో. ముందు శబ్దం, వెంటనే ముక్క. పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త తన ప్రయోగాల్లో కుక్కలకి కూడా ముందు సంకేతం వినిపించి తర్వాతే తిండి పెట్టారు. మీరు ముందు చికెన్ తీసి తర్వాత శబ్దం పెట్టారనుకోండి, వాడికి చికెన్ కనిపించినప్పుడల్లా ఏదో పేలబోతోందని అనుమానం మొదలవుతుంది, ఉన్న ఒక్క ఆయుధమూ పోతుంది. రెండు మూడు రోజులు వరసగా హాయిగా ఉంటేనే వాల్యూమ్ ఒక్క గీత పెంచాలి. ఫోన్ స్పీకర్‌లో డీజే బాస్ రాదు, నేల అదరదు, కాబట్టి ఈ సాధనతోనే పండగ రాత్రి గట్టెక్కుతాడని చెప్పను. వాడికి కొంత పునాది పడుతుంది అంతే.

ఇక పండగ రోజు. చీకటి పడకముందే బయట తిప్పి, కడుపునిండా పెట్టేయండి. మీవాడు బాత్రూమ్ ఎంచుకున్నాడంటే దానికి కిటికీ లేదు, శబ్దం తక్కువ, తెలివైనవాడే. అక్కడే పరుపు వేయండి, బయట ఫ్యానో కూలరో పెద్దగా పెట్టండి, తలుపు మాత్రం మూయకండి. గోళ్లు ఊడింది మూసిన తలుపు మీదే కదా. టెర్రస్ మీదో గేటు దగ్గరో కట్టేయడం అసలొద్దు. టపాసులు రాత్రి 8 నుంచి 10 దాకానే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, మన వీధుల్లో ఆ గడియారం ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి అర్ధరాత్రి దాకా సిద్ధంగా ఉండండి.

ప్రతి పేలుడు వెనకా ఒక ముక్క వేస్తూ ఉండండి, తింటే. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీలో స్టెఫనీ రీమర్ అనే పరిశోధకురాలు వెయ్యికి పైగా కుక్కల యజమానుల్ని టపాసుల భయానికి ఏం పని చేసిందని అడిగి 2020లో ఫలితాలు రాశారు. శబ్దం రాగానే తిండి పెట్టడమో ఆడించడమో చేసినవాళ్లలో 70 శాతం మంది మేలు కనిపించిందన్నారు. డాక్టరు రాసిన మందులు వాడినవాళ్లూ దాదాపు అంతే మంది. మూలికల మందులు, ప్లగ్గుకి తగిలించి గదిలో వాసన వదిలే మందులు బాగా వెనకబడ్డాయి, అవి అమ్మేవాళ్లకి కోపం వస్తే రానివ్వండి.

దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్నది వట్టి మాట. సిట్ అన్నప్పుడు కూర్చోవడం ఒక పని, బహుమతి ఇస్తే ఆ పని మళ్లీ చేస్తాడు. భయం పని కాదు, బహుమతి ఇచ్చినంత మాత్రాన పెరగదు. వాడు మీ ఒళ్లోకి వస్తే ఉంచుకోండి. బాత్రూమ్‌లోకి వెళ్లిపోతానంటే వెళ్లనివ్వండి, వెంటపడి కావలించుకోవద్దు.

నిద్రమాత్ర, మన ఇంట్లోది, వద్దే వద్దు. పారాసిటమాల్ కూడా కుక్కకి ప్రమాదమే. అయినా మీవాడి స్థాయికి ట్రైనింగ్ ఒక్కటే సరిపోదనిపిస్తోంది, వెటర్నరీ డాక్టర్ని కలవండి, పండగ ముందురోజు కాదు, నెల ముందు. ఏ మందు రాసినా ఒకసారి మామూలు రోజున వేసి ఎలా ఉంటాడో చూడాలి. ఒకటి మాత్రం అడగండి: ఇది భయం తగ్గించే మందా, ఒళ్లు కదలకుండా చేసేదా? ఏస్‌ప్రోమజీన్ అని పాతకాలపు మందు ఇప్పటికీ కొన్నిచోట్ల రాస్తారు. అది ఒక్కటే వేస్తే కుక్క కదల్లేదు, భయం మాత్రం అలాగే ఉంటుంది. చూసేవాళ్లకే ప్రశాంతం.

మేం ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లగానే మా పమేరియన్ ఏడుపు మొదలుపెడుతుందని పక్కింటివాళ్లు గొడవ. తలుపు అడుగు మొత్తం కొరికేసింది. మేం రాగానే చెవులు ముడుచుకుని మూలకి వెళ్లి నక్కుతుంది, అంటే తప్పు చేశానని దానికి తెలుసన్నమాట! అయినా మానదు. ఎలా బుద్ధి చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

తెలియదమ్మా. ఆ ముఖం గురించే న్యూయార్క్‌లో హోరోవిట్జ్ (పైన ముక్కు ఆట దగ్గర చెప్పుకున్నామే, ఆవిడే) 2009లో ఒక ప్రయోగం చేశారు. తినొద్దన్న బిస్కెట్ కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిడితే ఆ తప్పు చేసిన ముఖం వచ్చింది. అసలు తప్పే చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. మీ పమేరియన్‌కి తలుపు సంగతి గుర్తులేదు, తాళం శబ్దం వినపడగానే మీరు తిడతారని మాత్రం గుర్తుంది. అంటే ఇప్పుడు దానికి రెండు భయాలు, మీరు వెళ్లిపోవడం ఒకటి, మీరు రావడం ఒకటి.

పాత ఫోన్‌ని వీడియోలో పెట్టి వెళ్లండి. మీరు గడప దాటిన కాసేపటికే ఏడుపు, తిరగడం, చొంగ కార్చడం, తలుపు దగ్గరే కొరకడం కనిపిస్తే అది ఒంటరితనం భయం. గంట పడుకుని లేచి తీరిగ్గా చెప్పులు కొరికితే వట్టి విసుగు, వాకింగ్ పెంచితే పోతుంది.

భయమే అయితే ముందు మీరు వెళ్లేముందు చేసే హడావిడిని నీరుగార్చాలి. తాళాలు తీసి సోఫాలో కూర్చోండి. హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని వంట చేసుకోండి. తాళాల చప్పుడికి అది తల ఎత్తడం మానేశాక, తలుపు తీసి మూయడం, తర్వాత బయట అడుగు పెట్టి వెంటనే లోపలికి రావడం, ఐదు సెకన్లు, పది సెకన్లు, అర నిమిషం. అది కంగారుపడేలోపే తిరిగి రావాలి, ఏడ్చాక కాదు. కొన్నిసార్లు పెంచండి, మధ్యలో తగ్గించండి, ఎప్పుడూ పెరుగుతూనే పోతే అది లెక్క కనిపెట్టేస్తుంది. పెరుగన్నం (తాలింపు లేకుండా) కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ ఇస్తే కొన్నిటికి సాయపడుతుంది, కానీ మీరు వచ్చాకే ముట్టుకుంటోందంటే అంత భయంలో ఉందన్నమాట.

అసలు కష్టం ఇక్కడుంది: ఇది జరుగుతున్న వారాలన్నీ దాన్ని తట్టుకోగలిగినంతకంటే ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదు. అమ్మగారింట్లోనో పక్కవీధి ఫ్రెండ్ దగ్గరో, ఒకరు ఇంటి నుంచి పని చేసో నెట్టుకురావాలి. అది కుదరదు, తొందరగా తేలాలి అంటే డాక్టర్‌తో మందుల గురించి మాట్లాడండి. ఫ్లుయాక్సెటిన్ అనే మందుని కుక్కల్లో ఈ భయానికి, ట్రైనింగ్‌తో కలిపి వాడమని 2007లోనే అమెరికాలో ఆమోదించారు. పంజరంలో పెట్టి తాళం వేసే ఆలోచన మాత్రం వద్దు, ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది.

వాకింగ్‌లో వేరే కుక్క కనిపిస్తే చాలు మా జర్మన్ షెపర్డ్ మీదికి దూకి మొరుగుతాడు. ట్రైనర్ చోక్ చైన్ వేసి గట్టిగా ఒక్క గుంజు గుంజమన్నాడు, నువ్వే లీడర్ అని తెలియాలట. మావయ్య అయితే కుక్క తోక వంకరే, కర్ర పట్టుకోమంటున్నారు. అసలు వాడు చిన్నప్పుడు చాలా పిరికి.
– ఒక పాఠకుడు, వరంగల్

మీ ఉత్తరంలో చివరి వాక్యమే జవాబు. ఇప్పటికీ పిరికే. తాడు ఉంది కాబట్టి పారిపోలేడు, ఇక మిగిలింది ముందే అరిచి అవతలివాణ్ణి పంపించడం. ఇప్పుడు మీరు చైన్ గుంజితే వాడి లెక్కలో ఏమవుతుంది? కుక్క కనిపిస్తే మెడ నొప్పి. భయానికి ఇంకో కారణం దొరికింది. కొన్నిసార్లు అరుపు ఆగుతుంది, భయం ఆగదు, అలాంటివాడు ఒకరోజు హెచ్చరిక లేకుండా కరుస్తాడు.

లీడర్ కథ 1947 నాటిది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో ఒకేచోట బంధించిన తోడేళ్ల కొట్లాటలు చూసి షెంకెల్ అనే ఆయన రాసిన దాని నుంచి పుట్టింది. ఆ మాటని బాగా ప్రచారం చేసినవాళ్లలో ఒకరైన, తోడేళ్ల మీద పరిశోధన చేసే డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలే, అందులో ఈ పెత్తనం పోరు లేదు అని 1999లో తనే రాశారు. ట్రైనింగ్ విషయానికొస్తే పోర్చుగల్‌లోని పోర్టోలో 92 పెంపుడు కుక్కల్ని పరిశీలించి 2020లో ప్రచురించారు. గుంజడం, బెదిరించడం ఎక్కువగా ఉన్న స్కూళ్లలో కుక్కలకి క్లాసులో ఒత్తిడి ఎక్కువ, క్లాసు తర్వాత కార్టిసాల్ (ఒత్తిడిలో ఒంట్లో పెరిగే హార్మోన్) ఎక్కువ. ట్రైనర్‌ని మార్చండి. కర్ర మావయ్యగారు నడకకి వాడుకోవచ్చు.

మీవాడు కుక్కని చూసి కూడా అరవకుండా ఉండగలిగే దూరం ఒకటుంటుంది. ఇరవై అడుగులో, వంద అడుగులో, ఖాళీ గ్రౌండ్‌లో కనుక్కోండి. ఆ దూరంలో వాడు కుక్కని చూసిన క్షణాన ‘యెస్’ అని ముక్క పెట్టండి. మళ్లీ చూస్తే మళ్లీ ముక్క. కొన్నాళ్లకి కుక్క కనిపించగానే మీ ముఖం వైపు తిరుగుతాడు, నా ముక్కేది అని. అప్పుడే కొద్దిగా దగ్గరికి. దీంతోపాటు ‘పద’ అనగానే మీతో వెనక్కి తిరిగి చకచకా నడవడం ఇంట్లో, ఏ కుక్కా లేనప్పుడు, ఆటలా నేర్పండి. అది వచ్చాక వాడికి అరుపు ఒక్కటే దారి కాదు.

పాశ్చాత్య వీడియోల్లో చెప్పని సమస్య మనకొకటి ఉంది, వీధికుక్కలు తాడు లేకుండా ఎదురొస్తాయి, దూరం మన చేతిలో ఉండదు. అవి సద్దుమణిగిన వేళ చూసుకోండి, చాలా వీధుల్లో అది ఎండెక్కిన పొద్దు. వాటి అడ్డా మధ్యలోంచి కాకుండా వేరే దారి చూసుకోండి. జేబులో గుప్పెడు గింజలు ఉంచుకుని ఎదురొస్తే వాటి ముందు చల్లి మీరు పక్కకి తప్పుకోండి, పరిగెత్తకుండా. కొన్నాళ్లు అసలు వీధిలో వాకింగే మానేసి స్కూటర్ మీదో కార్లోనో ఖాళీ చోటుకి తీసుకెళ్లినా నష్టమేం లేదు.

తొమ్మిదేళ్లుగా ఏ శబ్దానికీ బెదరని మా కుక్క ఈ మధ్య కుక్కర్ విజిల్‌కి కూడా జడుసుకుంటోంది. ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

ఇవ్వొద్దు, ముందు డాక్టర్ దగ్గరికి. పెద్ద వయసులో ఉన్నట్టుండి వచ్చిన భయానికి ఒంట్లో కారణం ఉండే అవకాశం ఎక్కువ. శబ్దానికి ఉలిక్కిపడితే కండరాలు బిగుస్తాయి, కీళ్ల నొప్పి ఉంటే ఆ క్షణాన పొడుస్తుంది, ఇక శబ్దమే నొప్పి తెస్తోందని లెక్క వేసుకుంటుంది. 2018లో ఒక చిన్న పరిశోధనలో, నొప్పి బయటపడిన కుక్కల్లో శబ్దాల భయం మిగతావాటికంటే పెద్ద వయసులో మొదలైందని, నొప్పికి వైద్యం చేశాక చాలావాటిలో తగ్గిందని రాశారు. మెట్లు ఎక్కడానికి, సోఫా ఎక్కడానికి వెనకాడుతోందా చూసి డాక్టర్‌కి చెప్పండి. నడుము, కీళ్లు, పళ్లు, చెవులు, కళ్లు చూడమనండి, మన దగ్గర టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) ఎక్కువ కాబట్టి రక్తపరీక్ష కూడా.

మా నాలుగేళ్ల బాబు దగ్గరికి వెళ్తే మా కుక్క గుర్రుమంటోంది, ముఖ్యంగా తినేటప్పుడు. మొరిగే కుక్క కరవదంటారు కదా అని ఊరుకున్నాం. తిట్టి మాన్పించాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

ఆ సామెతని నమ్ముకుని చాలామంది ఇంజెక్షన్లు వేయించుకున్నారు. గుర్రుమనడం ఆ కుక్క మీకు చేస్తున్న ఉపకారం, దగ్గరికి రావొద్దని నోటితో చెబుతోంది. తిట్టి మాన్పిస్తే మాట పోతుంది, పళ్లు ఉంటాయి. ఇవాళ్టి నుంచి కుక్క భోజనం వేరే గదిలో, తలుపు వేసి. బాబూ కుక్కా ఒకచోట ఉంటే పెద్దవాళ్లు ఒకరు చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. కుక్క పడుకునే చోటికి బాబు వెళ్లకుండా పిల్లల గేటు పెట్టండి. మూతికి తొడిగే బుట్ట, అంటే నోరు తెరిచి ఒగర్చడానికి వీలుండే రకం, అందులో చికెన్ పెట్టి తనంతట తనే మూతి దూర్చేలా నెమ్మదిగా అలవాటు చేయండి. గిన్నె దగ్గర ట్రైనింగ్ మాత్రం ఉత్తరంలో చెప్పించుకుని చేసేది కాదు, పిల్లవాడున్న ఇల్లు కాబట్టి అనుభవమున్న మనిషి కళ్లారా చూడాలి.

పంటి గీత పడినా సరే, సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం పూయకండి.

భయం పోగొట్టడానికి 21 రోజుల గ్యారంటీ కోర్సు, కుక్కని వాళ్ల దగ్గరే వదిలేయాలి. చేర్చమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

భయం విషయంలో గ్యారంటీ ఇచ్చేవాళ్లని చూస్తే నాకే భయం. పిరికి కుక్కని ఇంటికి దూరంగా, తెలియని కుక్కల మధ్య వదిలితే మొదటి రోజులన్నీ బిక్కచచ్చి గడిపేస్తుంది, దాన్నే క్రమశిక్షణ అని చూపిస్తారు. ఒకవేళ అక్కడ నిజంగా ఏదైనా నేర్చుకున్నా అది వాళ్ల చేతికి, వాళ్ల గొంతుకి అలవాటవుతుంది, మీ ఇంట్లో మీరు మళ్లీ మొదలుపెట్టాల్సిందే. డబ్బు పెట్టేది ఉంటే ఇంటికి వచ్చి మీకు నేర్పే మనిషికి పెట్టండి.

ఎవరినైనా కుదుర్చుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. చెప్పింది కుక్క చేయకపోతే మీరేం చేస్తారు? అది భయపడి పక్కకి వెళ్లిపోతే వెళ్లనిస్తారా? సమాధానం తిన్నగా రాకపోతే ఒక క్లాసు చూస్తామనండి, మీ కుక్క లేకుండా. చూడనివ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.